నెట్ పోతే మోటార్ ఆగదా?

షాంటిలీ నుంచి రూట్ 28 మీద స్టెర్లింగ్ వైపు వెళ్తుంటే కిటికీల్లేని డేటా సెంటర్లు వరసగా కనిపిస్తాయి. ఇక్కడ మనలో చాలామందికి తిండి పెడుతున్నవి అవే. అందుకే కాబోలు, ఏ పనైనా క్లౌడ్‌లోనే జరగాలని మనకో నమ్మకం. నాక్కూడా ఉండేది.

పోయిన ఎండాకాలం ఊళ్లో నాన్నకి ట్యాంకు మోటార్‌ని ఫోన్‌తో నడిపే పెట్టె ఒకటి పెట్టించాను. ట్యాంకు నిండితే అదే ఆపేస్తుందన్నారు. ఓ రోజు ఇంట్లో నెట్ పోయింది. నీళ్లు డాబా మీంచి వాకిట్లోకి కారుతున్నా మోటార్ ఆగలేదు. మోకాళ్ల నొప్పులతో నాన్నే వెళ్లి స్టార్టర్ ఆపాడు. సాయంత్రం ఫోన్లో ఒకటే మాట: "ట్యాంకూ ఇక్కడే, మోటారూ ఇక్కడే. ఆపడానికి మధ్యలో ఇంటర్నెట్ ఎందుకురా?"

నేను చేసే ఉద్యోగం ఇలాంటి గేట్‌వేల మీదే. సమాధానం దొరకలేదు.

గేట్‌వే అంటే చిన్న ప్రాసెసర్, కాస్త మెమరీ, ఫ్లాష్, రేడియోలు, పైన ఎక్కువగా లైనక్స్. సెన్సార్లు జిగ్‌బీలోనో, బ్లూటూత్‌లోనో, ఫ్యాక్టరీల్లో అయితే మోడ్‌బస్‌లోనో మాట్లాడతాయి. అది విని ఎంక్యూటీటీలోకి మార్చి పైకి పంపుతుంది. దుబాసీ పని. మనం చాలాసార్లు అక్కడితో ఆపేస్తాం.

అసలు ఎంక్యూటీటీ పుట్టిందే నెట్‌ని నమ్మలేని చోట. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దాన్ని చమురు పైపులైన్ల కోసం, ఖరీదైన శాటిలైట్ లింకుల మీద నడిచేలా రాశారు. మనమేమో నెట్ ఎప్పుడూ ఉంటుందనుకుని డిజైన్ చేస్తున్నాం. 2025 అక్టోబర్ 20, దీపావళి రోజు. మన పక్కనే ఉన్న ఏడబ్ల్యూఎస్ నార్తర్న్ వర్జీనియా రీజియన్‌లో డీఎన్ఎస్ దెబ్బతింటే ఎక్కడెక్కడో డోర్‌బెల్స్, స్మార్ట్ పరుపులు కూడా మొరాయించాయి.

నా లెక్కలో మంచి గేట్‌వేకి నాలుగు ఉండాలి. నెట్ లేనప్పుడు రీడింగులు ఫ్లాష్‌లో దాచి, వచ్చాక పంపాలి. సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోతే వాచ్‌డాగ్ టైమర్ రీబూట్ చేయాలి. అప్‌డేట్ చెడితే రెండో పార్టిషన్‌లోని పాత వెర్షన్‌తో లేవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆపాల్సినదాన్ని ఎవర్నీ అడక్కుండా ఆపేయాలి.

వేల పెట్టెల్లో రూల్స్ మార్చడం కష్టం, క్లౌడ్‌లో అయితే ఒక్కచోటే మార్చొచ్చు అంటారు. నిజమే. గ్రాఫులు, రిపోర్టులు అక్కడే ఉండనివ్వండి. కానీ "నిండితే ఆపు" అనే రూల్ నెలకోసారి మారేది కాదు కదా!

ఇదంతా నాకు తెలియక కాదు. "కనెక్టివిటీ ఉంటుందనుకుందాం" అని లీడ్ అన్నప్పుడు వీసా భయంతో నోరు మెదపలేదు. మనలో చాలామందిమి అంతే. కనీసం ఒక్క ప్రశ్న అడుగుదాం: "కేబుల్ పీకేస్తే ఏమవుతుంది?" దీనికి ఎవరి ఉద్యోగమూ పోదు.

నాన్న మాత్రం నాకోసం ఆగలేదు. ఊళ్లో ఎలక్ట్రీషియన్‌తో ఫ్లోట్ స్విచ్ పెట్టించుకున్నాడు. ఇప్పుడు నెట్ ఉన్నా, పోయినా మోటార్ ఆగుతోంది.