కొడుకు చదివితే పెట్టుబడి, కోడలు చదివితే ఖర్చా?

ఈ ఏడు మా ఇంట్లో ఇద్దరికి మళ్లీ చదువుకోవాలనిపించింది. ఇద్దరూ వ్యాపారం చేస్తున్నవాళ్లే. ఇద్దరూ అడిగింది ఎంబీఏనే.

మా చిన్న మరిది మిర్యాలగూడలో బియ్యం వ్యాపారం చేస్తాడు. కుటుంబ వ్యాపారాలు నడిపేవాళ్ల కోసం హైదరాబాద్‌లో చెప్పే కోర్సులో చేరతానన్నాడు. ఫీజు లక్షల్లో. మా అత్తమ్మ వాడపల్లి నరసింహస్వామి గుడిలో అర్చన చేయించి, కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది.

మా నడిపి యారాలు పన్నెండేళ్లుగా పచ్చళ్లు పెట్టి అమ్ముతోంది. ఇద్దరు ఆడవాళ్లకు పని కూడా ఇస్తోంది. ఇంటి దగ్గర ఉండే చదువుకుంటాను, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఎంబీఏకి దరఖాస్తు పెడతానంది.

"ఈ వయసుల నీకు చదువేందే? పచ్చడి కలపనీకి ఎంబీఏ కావాల్నా?" అంది అదే అత్తమ్మ.

అక్కర్లేదు, నిజమే. మరి బియ్యం అమ్మడానికి కావాలా?

అనుభవాన్ని మించిన చదువు లేదంటారు. యారాలి అనుభవం సంగతి చెప్తా వినండి. నూనె, కారం, సీసాలు, కూలీలు అన్నీ పోను రోజుకు 400 రూపాయలు మిగిలితే లాభమని సంతోషపడేది. మరిది తెచ్చిన పుస్తకంలో ఖర్చుల పాఠం చదివిన సాయంత్రం నా దగ్గరికొచ్చి, "అక్కా, పనికొచ్చే ఆమెకు నేనిచ్చే కూలీ కూడా 400 గదా. మరి నాకు మిగిలిందేంది?" అనడిగింది. పన్నెండేళ్లు తన కూలీనే లాభమనుకుంది. ఆ మాట అనుభవం చెప్పలేదు, పుస్తకం చెప్పింది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. గోల్డ్‌మన్ శాక్స్ అనే అమెరికా బ్యాంకు 2008లో పదివేల మంది మహిళా వ్యాపారులకు మేనేజ్‌మెంట్ నేర్పే పథకం మొదలుపెడితే, మన గచ్చిబౌలిలోని ఐఎస్‌బీలో కూడా ఆ తరగతులు జరిగాయి. అది డిగ్రీ కాదు, కొన్ని నెలల శిక్షణే. అయినా వ్యాపారం చేసే ఆడదానికి చదువు అవసరమని ఎక్కడో అమెరికా బ్యాంకుకు తెలిసింది, మా ఇంటికి తెలియలేదు. 1982లో మన దగ్గర సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టిందే కాలేజీకి వెళ్లలేకపోయినవాళ్ల కోసం. దాని తలుపు తీసే ఉంది. మూసి ఉన్నది మా గడపే.

ఎంబీఏ చదివినంత మాత్రాన పచ్చళ్లు అమ్ముడుపోతాయని నేననను. చదివీ నష్టపోయినవాళ్లున్నారు. కానీ ఆ మాట మరిదికి ఎవరూ చెప్పలేదే!

నేను చదివింది బీఏ తెలుగు. లెక్కలు నాకు అంతగా రావు గానీ మాటల్లో తేడా తెలుస్తుంది. మరిది చదువును మా ఇంట్లో "మన చదువు" అంటారు. యారాలిది "నీ చదువు". ఆ రోజు అది విని కూడా నోరు మూసుకుని కూరలు తరిగాను. తప్పు నాదీ ఉంది.

దరఖాస్తుకు ఇంకా గడువుంది. మొదటి ఫీజు నా చీటీ డబ్బులోంచి కడతానని నిన్న అత్తమ్మ ముందే చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. మీ ఇంట్లోనూ ఒక యారాలో, వదినో, చెల్లెలో అడిగే ఉంటుంది. ఆమె అడిగినప్పుడు మీరు ఏ కూర తరుగుతున్నారు?