పొగమంచు తెర వెనుక

శనిగ్రహపు ఉపగ్రహాలలోకెల్ల పెద్దదైన టైటాన్‌ను 1655లో డచ్చి శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ కనుగొన్నాడు. బుధగ్రహం కంటె పెద్దదైన ఈ చంద్రుణ్ణి దట్టమైన వాయుమండలం ఆవరించి ఉన్నది.

1980 నవంబరులో వాయేజర్-1 నౌక దాని చేరువకు వెళ్ళింది. ఈ దారి పట్టినందువల్ల ప్లూటోను దర్శించే అవకాశాన్ని వదలుకోవలసి వచ్చింది. ఇంత చేసినా కెమేరాలకు చిక్కినది నారింజవన్నె పొగమంచు మాత్రమే! నేల జాడైనా కనిపించలేదు.

అయినా ఆ ప్రయాణం వ్యర్థం కాలేదు. నౌక టైటాన్ చాటుకు పోయేవేళ దాని రేడియో తరంగాలు ఆ వాయుమండలం గుండా భూమిని చేరాయి. వాటిలోని మార్పులనుబట్టి అక్కడి నేలపై వాయుపీడనం భూమిమీది పీడనానికి ఒకటిన్నర రెట్లనీ, ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 180 సెంటిగ్రేడు డిగ్రీల దరిదాపులలో ఉంటుందనీ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అక్కడ దిగవలసిన నౌకను రూపొందించినవారికి ఆ లెక్కలే ఆధారమైనాయి.

కాసిని నౌకతో బయలుదేరిన ఆ రెండవ నౌకకు హైగెన్స్ పేరే పెట్టారు. 2005 జనవరి 14న అది పారాచూట్ల సాయంతో సుమారు రెండున్నర గంటలసేపు దిగి, నేలను తాకింది. గులకరాళ్ళవంటి గుండ్రని గడ్డలు కంటబడ్డాయి. మరుసటి సంవత్సరం కాసిని రాడార్ ద్రవమీథేన్ సరస్సులను పసిగట్టింది.

వాయేజర్ వదలుకున్న ప్లూటోను చేరువనుంచి చూడటానికి మాత్రం మానవుడు 2015 వరకు వేచి ఉండవలసి వచ్చింది.