మేత బీడుకు గడువివ్వాలి

మృగశిర జల్లు పడిన నాలుగైదు రోజులకే ఊరి బీడు పచ్చబడుతుంది. ఆ పచ్చదనం చూసి గొర్రెలు, మేకలు, ఆవులు అన్నింటినీ తోలేస్తాము. పక్షం తిరిగేసరికి బీడు బోడిగా మిగులుతుంది. వాన ముఖం చాటేసిందని నిట్టూర్చడం మనకు పరిపాటి. అందులో సగమే నిజం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున ఉన్నందున నైరుతి వానలు మనకు అరకొరగానే అందుతాయి. అయినా ఎకరంపై పది మిల్లీమీటర్ల జల్లు పడితే 40 వేల లీటర్ల నీరు పడినట్టే. ఆ నీరు గడ్డి వేరుకు అందడం, అందకపోవడం నేలను బట్టి ఉంటుంది.

ఎర్రనేలలో ఇసుక పాలు ఎక్కువ. చిన్న జల్లయినా లోపలికి దిగుతుంది, గడ్డి వెంటనే లేస్తుంది. కాని లోతు తక్కువైన చోట పదును త్వరగా ఆరిపోతుంది. నల్లరేగడి తీరు వేరు. చిన్న జల్లు పైపొరలోనే నిలిచి ఆవిరైపోతుంది. గట్టి వానలకు లోతుగా నానితే మాత్రం వారాల తరబడి పదును నిలుస్తుంది. అందుకే ఎర్రబీడు ముందు పచ్చబడి ముందు ఎండుతుంది. రేగడి బీడు ఆలస్యంగా లేచి ఆలస్యంగా ఎండుతుంది.

వాన మన చేతిలో లేదు, నేలను మార్చలేము. మేపు మాత్రం మన చేతిలోనిదే. లేత మొలక వేరులో దాచుకున్న బలంతో లేస్తుంది. ఆకు విచ్చకముందే కొరికితే వేరు క్షీణిస్తుంది, తర్వాతి వానను అందుకోలేదు. బోడినేలపై చినుకుల దెబ్బకు పైన పెళుసు కట్టి, నీరు ఇంకక వంకల పాలవుతుంది. ఆ ఖాళీలో పశువులు ముట్టని వయ్యారిభామ అల్లుకుంటుంది.

కనుక గ్రామ పంచాయతీలు బీడును నేల తీరును బట్టి భాగాలు చేయాలి. గడ్డి జానెడు ఎదిగాక ముందు ఎర్రబీడులో, సెప్టెంబరు వానల తర్వాత రేగడి బీడులో మేపాలి. ఏటా ఒక భాగాన్ని గింజ రాలేవరకు మూసి ఉంచాలి. సెంటు భూమి లేని కాపరికి బీడే ఆధారం. అతన్ని కూర్చోబెట్టుకుని, అతని జీవాలకు ఆ రోజుల్లో మేత ఎక్కడో తేల్చిన తర్వాతే కట్టుబాటు పెట్టాలి. లేకుంటే అది నిలవదు.

పైరుకు అదను చూసే రైతు గడ్డికీ అదను చూడాలి. ఈ రెండు నెలల ఓర్పే వేసవిలో పశువును సంతకు తోలకుండా కాపాడుతుంది.