మీటరు కొన్నాం సరే, దాన్ని సరిచూశామా?



పత్తి అమ్మడానికి వెళ్లినప్పుడు మనం మొదట చూసేది కాంటానే. బస్తా పెట్టకముందే సున్నా మీద ఉందో లేదో వంగి మరీ చూస్తాం. అరకిలో తేడా వచ్చినా ఊరుకోం. అదే మనం, బోరు నీళ్లు చూసుకోవడానికి పెన్ను లాంటి పీహెచ్ మీటరు కొన్నాక, అది ఏ అంకె చూపిస్తే దాన్నే నమ్మేస్తున్నాం.

నేనూ అలా నమ్మినవాణ్నే. పోయిన వేసవిలో మా బోరు నీళ్లు 8.9 చూపించాయి. టమాటా నారు పాలిపోవడానికి ఇదే కారణం అనుకున్నా. మందుల షాపులో అడిగితే నీళ్లలో యాసిడ్ కలపమన్నారు. ఏళ్ల తరబడి రసాయనం ముట్టని పొలానికి యాసిడ్ క్యాను మోసుకొచ్చా. పోసే ముందు రోజు, మీటరు పెట్టెలో పడున్న పొడి పొట్లాలు గుర్తొచ్చాయి. 6.86 అని రాసున్న పొట్లం కలిపి మీటరు ముంచితే 7.7 చూపించింది. తప్పు నీళ్లది కాదు, మీటరుది! సరిచేసి చూస్తే మా నీళ్లు 8.1. నారు పాలిపోయింది మడిలో నీళ్లు నిలిచి. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు అని గుర్తుంచుకోండి.

అందుకే నా మాట సూటిగా చెబుతున్నా. సరిచూడని మీటరు కంటే మీటరు లేకపోవడమే నయం. మీటరు లేని రైతు మొక్కను చూస్తాడు, మట్టి పట్టుకుని చూస్తాడు, పక్క రైతును అడుగుతాడు. తప్పు మీటరు ఉన్న రైతు అంకె ఒక్కటే చూసి డబ్బు ఖర్చు పెడతాడు.

కాలిబ్రేషన్ అంటే భయపడాల్సిన పని కాదు. వీడియోలో చూపించినట్టు, పొట్లం మీద రాసినంత డిస్టిల్డ్ వాటర్‌లో, మామూలుగా 250 మి.లీ., పొడి పూర్తిగా కరిగించాలి. బోరు నీళ్లు వద్దు. ముందు 6.86లో ముంచి, అంకె నిలకడగా అయ్యాక బటన్‌తోనో స్క్రూతోనో సరిచేయాలి. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, రెండోది 9.18లో చూడాలి. మన బోరు నీళ్లు ఎక్కువగా 7 పైనే ఉంటాయి కాబట్టి 4.01 కంటే ఇదే మనకు పనికొస్తుంది. మొదటిది సరిపోయి రెండోది బాగా తప్పితే గాజు బుడ్డి పాడైందని అర్థం. ఎండలో కాదు, నీడలో చేయండి. వేడికి ఈ ద్రావణాల అంకెలు కూడా కొద్దిగా మారతాయి.

ఆ గాజు బుడ్డి ఎండిపోకూడదు. మూతలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం వేసి ఉంచాలి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి ఉంచితే ఇంకా త్వరగా పాడవుతుంది. జీవామృతం డ్రమ్ములో ముంచి అలాగే జేబులో పెట్టుకునేవాళ్లను చూశాను. పేడ, పిండి గాజుకు పొరలా పట్టేస్తే ఏ మీటరూ నిజం చెప్పదు.

బోరు నీళ్లు పట్టేటప్పుడు మోటారు కాసేపు నడిచాక పట్టి, వెంటనే చూడండి. నిలవుంచితే నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది.

ఉప్పు సంగతికి పీహెచ్ కాదు, ఈసీ చూడాలి. దాన్ని సరిచూసే ద్రావణం 1413 మైక్రోసీమెన్స్‌ది, 25 డిగ్రీల దగ్గర. ఒక్కో డిగ్రీకి ఈసీ సుమారు 2 శాతం మారుతుంది. టీడీఎస్ అంకెలు పోల్చుకుని గొడవ పడకండి. ఒక మీటరు ఈసీని 500తో, ఇంకోటి 700తో గుణిస్తుంది. ఈసీ 2 ఉన్న అవే నీళ్లు ఒకదాంట్లో 1000, ఇంకోదాంట్లో 1400! సాగునీటికి ఎఫ్‌ఏఓ లెక్క ప్రకారం 0.7 డెసీసీమెన్స్ లోపు ఇబ్బంది లేదు, 3 దాటితే చాలా జాగ్రత్త పడాలి. మీటరు 1413 బదులు 900 చూపిస్తుంటే ఈ హద్దులన్నీ వృథా.

"ప్రకృతి వ్యవసాయంలో మీటర్లతో పనేంటి?" అని కొందరు పెద్దలు అంటారు. వాళ్ల అనుభవానికి దండం. కానీ బోరు నీళ్లతో వచ్చే ఉప్పును జీవామృతం మాయం చేయదు. అది మట్టిలో పేరుకుని, ఆకు అంచులు మాడాకే మన కంటికి కనిపిస్తుంది. అప్పటికి ఆలస్యం. మీటరుకూ హద్దుంది. సోడియం, బైకార్బనేట్ ఎంతుందో పెన్ను చెప్పదు. దానికి ల్యాబ్ పరీక్ష తప్పదు. జిప్సం వేయాలా వద్దా అనేది ఆ రిపోర్టు చూసి తేల్చుకోవాల్సిందే.

చివరిగా ఒక మాట. కలిపిన ద్రావణం ఎక్కువ కాలం నిలవదు, కానీ ఒక పొట్లంతో పది మీటర్లు సరిచేయొచ్చు. ఊళ్లో అందరం కలిసి జీవామృతం కలిపే రోజునే, ఆ పని మొదలుపెట్టకముందు, మీటర్లన్నీ తెచ్చుకుందాం. చిన్న గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసుకుని ముంచుదాం, వాడింది సీసాలో తిరిగి పోయొద్దు. సరిచేసిన తేదీ మీటరు మీద స్టిక్కరు అంటించి రాద్దాం. తేదీ లేని మీటరు చూపించి ఎవరైనా మీ నీళ్లు బాగాలేవంటే, ముందు 6.86లో ముంచి చూపించమనండి.