పుల్ల ఎంత లోపలికి దిగింది?

"2020 చివరికల్లా మన రాష్ట్రం కోటి కోవిడ్ టెస్టులు దాటేసింది" అని ఇప్పటికీ కాలరెగరేసే మిత్రులారా, ఆ కోటిలో పుల్ల సరిగ్గా దిగిన ముక్కులెన్ని?

దాదాపు ముక్కు నుంచి చెవికున్నంత దూరం లోపలికెళ్ళి, వెనక గోడకి తగిలాక కొన్ని సెకన్లు తిప్పాలి. ఆ ఆగస్టులో మా పేరాలలో నాకు తీసినాయన ముక్కు అంచున రాసి "అయిపోయింది బాబూ" అన్నాడు. రిపోర్టు నెగటివ్. అది నమ్మి నాయనమ్మ పక్కన కూర్చుని భోంచేశా. వారానికి ఆవిడకి పాజిటివ్!

ఆయన్నేమీ అనను లెండి, ఎండలో పీపీఈ వేసుకుని రోజంతా అదే పని. ఎన్ని తీశారనే తప్ప ఎలా తీశారని అడగని పైవాళ్ళననాలి. (మన ఆఫీసుల్లో టెస్ట్ కేసుల లెక్కలూ ఇంతేగా.) శాంపిల్లో మనిషి కణాలున్నాయో లేదో చూసే కంట్రోల్ కిట్లోనే ఉంటుంది కదా అంటారా? ముక్కు అంచున రాసినా అది పాసైపోతుంది. పుల్లకి అంటని వైరస్‌ని మాత్రం ఏ ఆర్టీపీసీఆర్ మిషనూ పట్టుకోలేదు.