ఆ చెయ్యి ఇచ్చినదీ దేవుడే



పుంగనూరు దగ్గర ఒక పల్లెలో ఆరాధన జరుగుతోంది. ఎనిమిదేండ్ల పాప ఒకతె కానుక సంచి దగ్గరికి వచ్చి, ఎడమచేత్తో పది రూపాయల నోటు వేయబోయింది. "దేవునికిచ్చేది కుడిచేత్తో వెయ్యి తల్లీ" అన్నాము. అందరూ నవ్వినారు. పాప చెయ్యి మార్చుకుని వేసి, కూటం ముగిసేదాకా ఎడమచేతిని గౌను కింద దాచుకుని కూర్చుంది. మరుసటి ఆదివారం కానుక వేయడానికి లేవనే లేదు. ఆ దినం నుండి మాకు నెమ్మది లేదు.

పరిచర్య కోసం మేము తిరిగే మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఎక్కడైనా ఇదే తీరు. పుర్రచేత్తో డబ్బిస్తే అంగడివాళ్లు ముఖం చిట్లిస్తారు. పుర్రచేత్తో అన్నం కలిపితే అమ్మే చేతిమీద కొడుతుంది. కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇండ్లలో ఆ చేతికి ఉన్న ఒక పేరు ఇక్కడ రాయలేము. కాలకృత్యాలకు వాడే చెయ్యి గనుక, సబ్బు లేని కాలంలో ఆ కట్టుబాటుకు అర్థముంది. ఇప్పుడు సబ్బుంది. బిడ్డకు చేతులు కడుక్కోవడం నేర్పిద్దాం, సిగ్గుపడడం కాదు.

ఈ వాటం మొండితనం కాదు. లోకంలో దాదాపు పదిమందిలో ఒకరు ఇట్లా పుడతారు. తల్లి గర్భంలో శిశువు ఏ బొటనవేలు చీకుతుందో స్కానింగులో చూసి, ఆ పిల్లలు పెద్దయ్యాక పరిశోధకులు మళ్లీ గమనించారు. కుడివేలు చీకినవారు కుడిచేతివాటం వారే అయ్యారు, ఎడమవేలు చీకినవారిలో ఎక్కువమంది ఎడమచేతివాటం వారయ్యారు. గర్భంలో మనలను నిర్మించినవాడు ఎవరో మనకు వేరే చెప్పనక్కరలేదు.

మెదడు నుండి వచ్చే నరాలు మెడ పైభాగాన అటుదిటు, ఇటుదటు దాటుతాయి. అందుకే ఎడమచేతిని ఎక్కువగా నడిపించేది కుడి అర్ధభాగం. 1865లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా, మాట పలికించే చోటు మామూలుగా ఎడమ అర్ధభాగంలో ఉంటుందని చూపాడు. ఎడమచేతివాటం వారిలో కూడా ఎక్కువమందికి అది అక్కడే ఉంటుంది. కాబట్టి "ఎడమచేతివాళ్లది కుడి మెదడు, వాళ్లంతా కళాకారులు" అని వాట్సాప్‌లో తిరిగే మాట నిజం కాదు. ఈ బిడ్డలు తక్కువవారూ కారు, వింతవారూ కారు. రెండు అర్ధభాగాల మధ్య సుమారు 20 కోట్ల నరపోగుల వంతెన ఉంది. ఆ వంతెనను కోసిన రోగులలో ఒక అర్ధభాగం చూసినది రెండోదానికి తెలియకపోవడం రోజర్ స్పెర్రీ గమనించి, 1981లో నోబెల్ బహుమతి పొందాడు. పని పంచుకోవడం దేవుని ఏర్పాటు. ఒకటి రెండోదాన్ని తృణీకరించడం ఆ ఏర్పాటులో లేదు. పౌలు కొరింథీయులకు అవయవాలను గూర్చి రాసినదీ ఇదే కదా!

"మేకలను ఎడమవైపున నిలబెట్టలేదా?" అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. నిలబెట్టాడు. అయితే వారికి తీర్పు వచ్చింది ఆకలిగొన్నవానికి పెట్టనందుకు. ఏ చేత్తో పెట్టారని ప్రభువు అడగలేదు. బెన్యామీను అంటే కుడిచేతి కుమారుడు. ఆ గోత్రంలోనే ఎడమచేతివాటం గల ఏహూదు పుట్టాడు. మోయాబు రాజుకు పద్దెనిమిదేండ్లు దాసులైన ఇశ్రాయేలీయులను దేవుడు అతని చేత విడిపించాడు. ఆ చేతిని దేవుడు మార్చలేదు, వాడుకున్నాడు.

మొన్న ఆ పాప ఇంటికి పోయి తప్పు ఒప్పుకున్నాము. పాప ఏమీ మాట్లాడకుండా నోటుబుక్కు తెచ్చి చూపింది. మనం ఎడమ నుండి కుడికి రాస్తాము గనుక, రాసిన అక్షరాల మీదే ఆమె చెయ్యి జరుగుతుంది. పేజీ అంతా సిరా మరకలే. అయినా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

తల్లిదండ్రులారా, సండేస్కూలు టీచర్లారా, బిడ్డ చేతిలోని పెన్సిలు లాగి మార్చవద్దు. పెద్దల మనసు నొచ్చుకుంటుందని భయమైతే, రెండు చేతులతో ఇవ్వడం నేర్పండి. ప్రభువు బల్లయొద్ద రొట్టెను మనమందరం రెండు చేతులు చాపియే కదా తీసుకుంటాము. ఆ రెంటిలో ఏది తక్కువదని మనం ఎన్నడైనా అడిగామా?

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.