రిపోర్టుతో పాటు నాలుగు పేజీలు

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలిన రోజు మనిషి చేతిలో ఒక ఫైలు పెడతారు. అందులో బయాప్సీ రిపోర్టు మొత్తం ఇంగ్లీషే. దాన్ని పట్టుకుని విశాఖలో రైలెక్కి, పార్వతీపురంలో దిగి, గుమ్మలక్ష్మీపురం బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి ఆటోలో కొండ మీది ఊరు చేరేసరికి డాక్టరు గారు చెప్పినవి సగం గుర్తుండవు. ఇంట్లో గురుకులంలో చదివే కూతురుంటే ఆ రాత్రే ఫోను తీసి వెతుకుతుంది. పసరుతో గడ్డ కరిగిపోతుందనీ, సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందనీ చెప్పే వీడియోలు ముందు వరుసలో ఉంటాయి. వాటిని నమ్మి పసరు కట్టుకుని కూర్చుంటే, నయమయ్యే దశ చేయి దాటిపోతుంది.

ఆ ఇంటికి ఆ రాత్రి నాలుగు పేజీల తెలుగు కాగితం కావాలి. రిపోర్టుతో పాటే ఇవ్వాలి.

ఇలాంటి పని తెలుగులో ఎవరూ చేయలేదని కాదు. బోస్టన్ మహిళలు 1970లలో తమ ఒంటి గురించి తామే రాసుకున్న పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. మన దగ్గర స్త్రీశక్తి సంఘటన మహిళలు ‘సవాలక్ష సందేహాలు’ రాస్తే 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చు వేసింది. అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలకు అందులో మామూలు మాటల్లో జవాబులున్నాయి. 2022లో దేశంలో కొత్తగా సుమారు 1.92 లక్షల మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంచనా. అంతమందికి అవసరమైన కాగితం ప్రతి ఆస్పత్రి మందుల కౌంటరు దగ్గరా ఉండొద్దా?

మొదటి పేజీ రిపోర్టు చదవడం నేర్పాలి. గ్రేడ్ 3 అని కనిపిస్తే మూడో స్టేజీ అనుకుని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఆ రెండూ వేరు. కణాలు ఎంత చురుగ్గా ఉన్నాయో గ్రేడ్ చెబుతుంది, జబ్బు ఎంత దూరం పాకిందో స్టేజీ చెబుతుంది. ఈఆర్, పీఆర్ పాజిటివ్ అని ఉంటే అది చెడ్డ కబురు కాదు, హార్మోన్ మాత్రలు పనిచేసే రకమన్నమాట. ఆపరేషన్, కీమో ముగిశాక టామాక్సిఫెన్ లాంటి మాత్ర రోజూ కనీసం ఐదేళ్లు వేసుకోవాల్సి రావచ్చు. ఒంట్లో బాగానే ఉంది కదా అని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. ఇది అంటువ్యాధి కాదనీ, కంచం, గ్లాసు వేరు పెట్టక్కర్లేదనీ అదే పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఎన్నేళ్లు బతుకుతారన్న లెక్కలు మాత్రం మొదటి రాత్రికి వద్దు.

రెండో పేజీని నగరం నుంచి తెచ్చి అతికిస్తే కుదరదు. ఏజెన్సీలో జ్వరమంటే ముందు మలేరియానే తలుస్తారు. వేలి కొస నుంచి రక్తం తీస్తారు, మలేరియా లేదని తేలితే ఒక పారాసిటమాల్ ఇచ్చి పంపిస్తారు. కీమో ఎక్కించుకున్న మనిషికి అది చాలదు. కీమో మందు వల్ల తెల్ల రక్తకణాలు పడిపోతాయి, అప్పుడు సోకిన చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. 100.4 డిగ్రీలు దాటిందా, తెల్లారేదాకా ఆగకూడదు. 108కి ఫోను చేయాలి. పీహెచ్‌సీలో అడుగు పెట్టగానే ఫైలు చూపించి, “నాకు కీమో జరుగుతోంది, ఫలానా రోజు ఎక్కించారు” అని చెప్పాలి. ఈ ఒక్క వాక్యం ఆమెకు కంఠతా వచ్చేలా చేసినా ఆ కాగితం అచ్చు ఖర్చు గిట్టినట్టే. జ్వరం చూసుకునే థర్మామీటరు కూడా దాంతో పాటే ఇస్తే ఇంకా మంచిది.

ఆపరేషన్ తర్వాత చేతి సంగతీ అంతే. చంకలో గ్రంథులు తీసేసిన వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది. ఆ చేతికి గాయం కాకూడదు, చీము పట్టకూడదు. నగరం కరపత్రాలు ఇదంతా షాపింగ్ సంచుల భాషలో చెబుతాయి. ఇక్కడి ఆడవాళ్లు కట్టెల మోపులు మోస్తారు, కొండచీపుర్లు కోస్తారు, ముళ్ల అంచుల అనాస తోటల్లో తిరుగుతారు, జీడిపిక్కలు కొడతారు. జీడి అంటితే చర్మం కాలిపోతుంది. వాళ్లకు చెప్పాల్సింది ఆ పనుల పేర్లతోనే చెప్పాలి. చెయ్యి బొత్తిగా కదపకుండా కూర్చోవడమూ మంచిది కాదని, నేర్పిన వ్యాయామం రోజూ చేయాలని కూడా రాయాలి.

అందరూ చదవలేరు కదా అంటారు. నిజమే. సవర, జాతాపు ఇళ్లల్లో చదివేది ఒకరు, వినేది నలుగురు. అందుకే నోటికి సులువుగా వచ్చే పొట్టి వాక్యాలు కావాలి. సవరలో చదివి రికార్డు చేసి ఆశా కార్యకర్తల ఫోన్లలో పెట్టాలి. ఈ కొండలకు దగ్గర్లోని పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాచకాలు రాశారు, బడులు పెట్టారు. ఒక్క మనిషి పూనుకుంటే అయిన పని అది. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వైద్యులు విషయం చెబితే, గుమ్మలక్ష్మీపురం ఏఎన్‌ఎంలు మాట సరిచేస్తే, పార్వతీపురం ఐటీడీఏ అచ్చు వేయిస్తే నాలుగు పేజీలు ఎంతసేపు?

చివరి పేజీ సగం ఖాళీగా వదలండి. డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు, తర్వాతి కీమో తేదీ, రాత్రి పూట ఫోనెత్తే నర్సు నంబరు ఆమె అక్కడ రాసుకుంటుంది, రాయడం రాకపోతే కూతురితో రాయిస్తుంది.